చికానో అధ్యయనాలు: పాఠం దక్కింది, మరి పెత్తనం?

అమెరికాలో మెక్సికన్ మూలాలున్న ప్రజల చరిత్ర, సాహిత్యం, బతుకుతెరువు, రాజకీయాల గురించి చెప్పే విశ్వవిద్యాలయ శాఖలే చికానో అధ్యయన శాఖలు. అవి ఎలా పుట్టాయని అడిగితే సాధారణంగా ఒకటే జవాబు వస్తుంది: విద్యార్థులు కొట్లాడి తెచ్చుకున్నారు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఆ శాఖల్లోనే జీవితం గడిపిన పండితులు కొన్ని దశాబ్దాలుగా ఈ జవాబును అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నారు. ఏ విద్యార్థులు? వాళ్ల కంటే ముందు రాసిన పెద్దల సంగతేమిటి? డబ్బు ఎక్కడిది? ఆ ఉద్యమంలో ఆడపిల్లల పేర్లు ఎందుకు కనిపించవు? గెలిచిన శాఖ చివరికి ఎవరి చేతుల్లో ఉంది?

ఈ వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. మెక్సికన్ అమెరికన్ల గురించి చదువు 1968కి ముందే ఉంది. విద్యార్థులు కొత్తగా అడిగింది ఆ చదువు మీద పెత్తనం: ఎవరిని చేర్చుకోవాలి, ఎవరికి ఉద్యోగం ఇవ్వాలి, ఏం చెప్పాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి తేల్చే అధికారం. పాఠం దక్కింది. పెత్తనం మీద తగాదా ఈనాటికీ తెగలేదు.

1968కి వెనక

1848లో గ్వాడలూపే ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం అమెరికాకు పోగొట్టుకుంది. ఇవాళ్టి కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, ఆరిజోనా, నెవాడా, యూటా, కొలరాడోలో కొంతభాగం అలా వచ్చినవే. టెక్సస్ అప్పటికే చేజారింది. అక్కడున్న మెక్సికన్లకు పౌరసత్వం కాగితం మీద వచ్చింది, భూములు మాత్రం కోర్టుల్లో కరిగిపోయాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో నైరుతి రాష్ట్రాల్లో చాలాచోట్ల వాళ్ల పిల్లలకు వేరే బడులు. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఐదు కుటుంబాలు దీని మీద కోర్టుకెక్కాయి. మెండెస్ వర్సెస్ వెస్ట్‌మినిస్టర్ కేసులో 1946లో వాళ్లు గెలిచారు, 1947లో పై కోర్టు కూడా ఆ తీర్పును నిలబెట్టింది. నల్లజాతి పిల్లల బడుల మీద సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన బ్రౌన్ తీర్పుకు ఇది ఏడెనిమిదేళ్లు ముందు.

చట్టం మారినంత మాత్రాన బడి మారలేదు. 1960 జనాభా లెక్కల ప్రకారం నైరుతి రాష్ట్రాల్లో స్పానిష్ ఇంటిపేర్లున్న పెద్దవాళ్ల సగటు చదువు సుమారు ఏడేళ్లు, తెల్లవాళ్లది పన్నెండేళ్లు. అదే ఏడాది కాలిఫోర్నియా తన ఉన్నతవిద్యకు మాస్టర్ ప్లాన్ రాసుకుంది. హైస్కూలు పూర్తిచేసినవారిలో పై ఎనిమిదో వంతుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, మిగతావారికి జూనియర్ కాలేజీలు. ఫీజుల భారం లేని గొప్ప ఏర్పాటని దానికి పేరొచ్చింది. హైస్కూలే పూర్తికాని బస్తీ పిల్లలకు మాత్రం ఆ మెట్లలో మొదటిదే అందలేదు.

ఈలోగా పొలాల్లో కదలిక వచ్చింది. 1965 సెప్టెంబరులో డెలానోలో ఫిలిపినో ద్రాక్షతోట కూలీలు సమ్మె మొదలుపెట్టారు. వారం దాటగానే సీజర్ చావెస్, డొలోరెస్ హువెర్తాల సంఘం వాళ్లతో కలిసింది. న్యూ మెక్సికోలో రియెస్ లోపెస్ తిహెరీనా పాత భూముల పట్టాల కోసం పోరాడుతున్నాడు. డెన్వర్‌లో మాజీ బాక్సర్ రొడోల్ఫో 'కోర్కీ' గొన్సాలెస్ నగర యువకులను కూడగడుతున్నాడు. తల్లిదండ్రుల తరం తమను మెక్సికన్ అమెరికన్లని చెప్పుకొనేది. ఈ కొత్త తరం అప్పటిదాకా చిన్నచూపుతో పలికిన 'చికానో' అనే పేరును కావాలని ఎత్తుకుంది.

బడి గేటు దాటిన వారం

చికానో అధ్యయనాలు పుట్టింది విశ్వవిద్యాలయంలో అనుకుంటాం గానీ, దానికి నిప్పు రాజుకుంది హైస్కూళ్లలో. లాస్ ఏంజలస్ తూర్పు బస్తీల్లోని గార్ఫీల్డ్, రూజ్‌వెల్ట్, లింకన్, విల్సన్ హైస్కూళ్ల పిల్లలు, నగరం నడిబొడ్డుకు పడమటి వైపున్న బెల్మాంట్ పిల్లలు 1968 మార్చి మొదటి వారంలో తరగతులు వదిలి రోడ్డెక్కారు. విల్సన్‌లో మార్చి 1నే మొదలై, 5 నుంచి 8 దాకా మిగతా బడులకు పాకింది. పదివేల మందికి పైగా బయటికొచ్చారని అంచనా. వాళ్ల భాషలో దాని పేరు 'బ్లోఅవుట్స్'.

వాళ్ల ఫిర్యాదులు చదివితే ఆ బడి కళ్ల ముందు కనబడుతుంది. స్పానిష్‌లో మాట్లాడితే చెక్కబద్దతో కొట్టేవారు. మధ్యాహ్నం భోజనం వేళ మరుగుదొడ్లకు తాళాలు వేసేవారు. కౌన్సెలర్ దగ్గరికెళ్తే మగపిల్లలకు వర్క్‌షాపు, ఆడపిల్లలకు టైపింగో కుట్టుపనో రాసిచ్చేవారు. కాలేజీ మాట ఎత్తేవారే తక్కువ. గార్ఫీల్డ్‌లో చేరినవారిలో సగానికి పైగా చదువు పూర్తికాకముందే మానేసేవారు. అందుకే వాళ్ల డిమాండ్లలో మెక్సికన్ చరిత్ర పాఠాలు, రెండు భాషల్లో బోధన, తమవాళ్లైన ఉపాధ్యాయులు అన్నవాటి పక్కనే మరుగుదొడ్డి తాళం కూడా ఉంది.

లింకన్‌లో సాంఘికశాస్త్రం చెప్పే సాల్ కాస్ట్రో ఈ పిల్లల వెనక నిలబడ్డాడు. రాష్ట్రం నుంచి బడికొచ్చే డబ్బు రోజువారీ హాజరు మీద ఆధారపడి ఉంటుందని ఆయనకు బాగా తెలుసు. ఖాళీ బెంచీ ఒక్కొక్కటీ స్కూలు బోర్డుకు నష్టం. నినాదాలు చెవికెక్కని అధికారులకు ఈ లెక్క మాత్రం తలకెక్కింది. కాలేజీల్లో అప్పుడే ఏర్పడిన యునైటెడ్ మెక్సికన్ అమెరికన్ స్టూడెంట్స్ సంఘం వాళ్లు, బ్రౌన్ బెరెట్స్ అనే చికానో దళం యువకులు పిల్లలకు, పోలీసులకు మధ్య అడ్డుగా నిలిచారు.

మే నెలాఖరు, జూన్ తొలి రోజుల్లో అరెస్టులు జరిగాయి. కాస్ట్రోతో సహా పదముగ్గురి మీద కుట్ర కేసు పెట్టారు. బడి శాంతికి భంగం కలిగించడం చిన్న నేరమే, దానికి 'కుట్ర' తగిలిస్తే దశాబ్దాల జైలు పడే పెద్ద నేరమవుతుంది. 1970లో అప్పీలు కోర్టు ఆ కేసు చెల్లదంది. ఈలోగా కాస్ట్రోను పాఠాలు చెప్పకుండా పక్కనబెడితే, తల్లిదండ్రులు, విద్యార్థులు విద్యాబోర్డు కార్యాలయంలో రోజుల తరబడి బైఠాయించి ఆయన్ని మళ్లీ తరగతిలోకి తెచ్చుకున్నారు. పదముగ్గురిలో ఒకడు లాస్ ఏంజలస్ స్టేట్ కాలేజీ విద్యార్థి నాయకుడు కార్లోస్ మున్యోస్. ఆ ఏడాదే అదే కాలేజీలో దేశంలో మొట్టమొదటి మెక్సికన్ అమెరికన్ అధ్యయన కార్యక్రమం మొదలైంది, దానికి తొలి అధిపతి మున్యోసే. కుట్ర కేసు ఇంకా నడుస్తుండగానే శాఖ నడిపాడు.

సమ్మెల నుంచి శాఖలకు

అదే శీతాకాలం శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో ఇంకా పెద్ద పోరు జరిగింది. 1968 నవంబరు 6న నల్లజాతి విద్యార్థి సంఘం సమ్మెకు దిగింది. మెక్సికన్, లాటిన్ అమెరికన్, ఫిలిపినో, చైనీస్, జపనీస్ మూలాల విద్యార్థులు థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్ పేరుతో దానికి తోడయ్యారు. నల్లజాతి సంఘం డిమాండ్లు పది, ఫ్రంట్‌వి ఐదు. తాత్కాలిక అధ్యక్షుడు ఎస్.ఐ. హయకావా సమ్మెదారుల వ్యాను ఎక్కి తన చేత్తో లౌడ్‌స్పీకరు తీగలు పీకేసిన దృశ్యం టీవీలో దేశమంతా చూసింది. ఆయన తర్వాత సెనేటర్ కూడా అయ్యాడు. సమ్మె 1969 మార్చిలో ఒప్పందంతో ముగిసింది. దాని ఫలితమే జాతి సమూహాల గురించి చెప్పే ఎత్నిక్ స్టడీస్ కళాశాల, అందులోనే చికానో, లాటినోల కోసం లా రాసా అధ్యయన విభాగం.

బర్కిలీలో మాట ముందుకొచ్చింది ద్రాక్షపళ్ల దగ్గర. క్యాంపస్‌లో డెలానో సమ్మెకు మద్దతుగా కూలీలు బహిష్కరించమన్న ద్రాక్షను కొనడాన్ని నిరసిస్తూ 1968 అక్టోబరులో చికానో విద్యార్థులు విశ్వవిద్యాలయ అధ్యక్షుడి కార్యాలయంలో బైఠాయించి అరెస్టయ్యారు. 1969 జనవరిలో అక్కడా థర్డ్ వరల్డ్ సమ్మె మొదలైంది. గవర్నర్ రోనాల్డ్ రీగన్ ఫిబ్రవరిలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. విద్యార్థులు అడిగింది ఒక స్వతంత్ర థర్డ్ వరల్డ్ కళాశాల, దక్కింది ఒక ఎత్నిక్ స్టడీస్ శాఖ. కళాశాలైతే తన నియామకాలు, తన బడ్జెట్ తన చేతిలో ఉంటాయి. శాఖ ఎవరో ఒక డీన్ కింద ఉంటుంది. పాఠానికీ పెత్తనానికీ మధ్య దూరం ఎంతో కొలవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

శాన్ డియేగోలో నల్లజాతి, చికానో విద్యార్థులు కలిసి కొత్తగా వచ్చే కళాశాలకు కాంగో నేత లుముంబా, మెక్సికన్ విప్లవ నేత సపాటాల పేర్లు పెట్టాలని, దాన్ని తాము కూడా నడపాలని కోరారు. కళాశాల వచ్చింది, పేరు మాత్రం రెండు దశాబ్దాలకు పైగా ఉత్త 'థర్డ్ కాలేజ్'గానే నడిచింది. శాన్ ఫెర్నాండో వ్యాలీ స్టేట్‌లో 1969లో చికానో అధ్యయన శాఖ మొదలైంది. దాన్ని నిలబెట్టడానికి వచ్చిన చరిత్రకారుడు రొడోల్ఫో అకూన్యా. 1972లో ఆయన రాసిన 'ఆక్యుపైడ్ అమెరికా' ఆ రంగానికే పాఠ్యపుస్తకమైంది. ఇవాళ నార్త్‌రిడ్జ్‌గా పిలిచే ఆ క్యాంపస్‌లోని శాఖ దేశంలోకెల్లా పెద్దదిగా పేరు తెచ్చుకుంది.

శాంటా బార్బరా పత్రం

1969 మార్చి చివర డెన్వర్‌లో కోర్కీ గొన్సాలెస్ సంస్థ యువజన మహాసభ పెట్టింది. అక్కడే నైరుతి భూభాగాన్ని పూర్వీకుల 'అస్త్లాన్'గా ప్రకటించిన ఆధ్యాత్మిక ప్రణాళిక వచ్చింది. ఆ ఊపు చల్లారకముందే, ఏప్రిల్‌లో విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు కలిపి వందమంది దాకా శాంటా బార్బరాలోని విశ్వవిద్యాలయంలో సమావేశమయ్యారు. విడివిడిగా ఉన్న విద్యార్థి సంఘాలన్నీ అక్కడ ఒకే పేరు కిందికొచ్చాయి: మొవిమియెంతో ఎస్తుదియాంతిల్ చికానో దె అస్త్లాన్, పొట్టిగా మెచా. చర్చల సారం అదే ఏడాది పుస్తకంగా వచ్చింది. అదే 'ఎల్ ప్లాన్ దె శాంటా బార్బరా'. 155 పేజీలు.

దాన్ని పిలుపుల పత్రమనుకుని తెరిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆవేశం ముందుమాటలోనే అయిపోతుంది. తర్వాత ఉన్నదంతా పరిపాలన: ప్రవేశాలకు ఏ బస్తీల్లో ఎలా వెతకాలి, చేరినవారికి ఆర్థిక సాయం, ట్యూషన్, వసతి ఎలా చూడాలి, డిగ్రీకి ఏయే కోర్సులు ఉండాలి, పరిశోధన ఏ అంశాల మీద జరగాలి, బస్తీతో సంబంధం తెగిపోకుండా ఏం చెయ్యాలి, నమూనా పాఠ్యప్రణాళికలు. ఆ పేజీలన్నీ ఒక్క షరతు చుట్టూ తిరుగుతాయి. ఈ కార్యక్రమాల అధిపతులను నియమించడంలో, నిర్ణయాలు తీసుకోవడంలో చికానోలకే పట్టు ఉండాలి, విద్యార్థులకూ బస్తీకీ అందులో వాటా ఉండాలి. పాత శాఖలు విసిరేసే ఒకటి రెండు కోర్సులతో తృప్తిపడొద్దని ఆ పత్రం గట్టిగా హెచ్చరిస్తుంది.

విశ్వవిద్యాలయాన్ని మార్చడానికి విశ్వవిద్యాలయపు భాషలోనే రాసిన పత్రమిది. బలమూ అక్కడే, బలహీనతా అక్కడే. కమిటీలు, యూనిట్లు, డిగ్రీ నిబంధనలు ఒప్పుకున్నాక వాటి లెక్కలకూ తలొగ్గాలి. పర్మనెంట్ కావాలంటే అధ్యాపకుడు పత్రికల్లో వ్యాసాలు అచ్చువేయాలి. బస్తీలో అద్దెల సమస్య మీద గడిపిన సాయంత్రాలు ఆ లెక్కలోకి రావు.

ముందు నడిచిన పండితులు

విద్యార్థుల పాత్ర ఒక్కటే చూస్తే దీనికి ముందటి చదువు కనిపించదు. న్యూ మెక్సికో మీద జార్జ్ ఐ. సాంచెస్ 1940లోనే పుస్తకం రాశాడు. టెక్సస్‌లో జానపద సాహిత్య పండితుడు అమెరికో పరేదెస్ 1958లో గ్రెగోరియో కోర్తెస్ అనే రైతు మీద ప్రజలు కట్టిన పాటలను పరిశోధించి, టెక్సస్ రేంజర్లనే పోలీసు దళాన్ని వీరులుగా చూపిన చరిత్రను తలకిందులు చేశాడు. మెక్సికో నుంచి కాంట్రాక్టు కూలీలను రప్పించే బ్రసేరో వ్యవస్థ గుట్టు విప్పిన ఎర్నెస్టో గలార్సా పుస్తకం 1964లో వచ్చింది. నాట్రడామ్‌లో హూలియన్ సమోరా శిష్యులను తయారుచేస్తున్నాడు.

పెద్ద డబ్బు కూడా అప్పటికే వచ్చింది. 1964 నుంచి ఫోర్డ్ ఫౌండేషన్ సొమ్ముతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలస్ క్యాంపస్ యూసీఎల్ఏలో మెక్సికన్ అమెరికన్ల మీద భారీ సర్వే నడిచింది. లియో గ్రెబ్లర్, జోన్ మూర్, రాల్ఫ్ గుస్మాన్‌ల సంతకాలతో దాని ఫలితం 1970లో అచ్చయింది. అంటే అమెరికన్ విశ్వవిద్యాలయానికి మెక్సికన్ అమెరికన్ల గురించి తెలుసుకోవాలని లేకపోలేదు. వాళ్లు అక్కడ చదవబడేవాళ్లుగా ఉన్నారు, చదివేవాళ్లుగా లేరు. గుస్మాన్ వంటివాళ్లు ఒకరిద్దరు మినహాయింపు.

ఈ తేడాను మొదట సూటిగా చెప్పింది బర్కిలీలో ఆక్టావియో రొమానో. 1967లో మొదలైన 'ఎల్ గ్రితో' పత్రికలో ఆయన ఆంత్రొపాలజీ, సోషియాలజీ పుస్తకాలను దులిపేశాడు. తలరాతను నమ్ముకుని, కుటుంబాన్ని పట్టుకుని, కదలకుండా కూర్చునే జాతిగా మెక్సికన్లను చూపిన ఆ శాస్త్రం, వాళ్లు చేసిన సమ్మెల చరిత్రను ఒక్కసారీ చూడలేదని నిలదీశాడు. విద్యార్థులు వీధిలో అన్న మాటకు పండితుల భాషలో వచ్చిన రూపం అది. శాన్‌ఫ్రాన్సిస్కో సమ్మె కంటే ముందే వచ్చింది కూడా. రొమానో బృందపు ప్రచురణ సంస్థ కింతో సోల్ తొలి బహుమతి పొందిన టోమాస్ రివేరా నవలిక 1971లో వెలువడి చికానో సాహిత్యానికి పునాదిరాళ్లలో ఒకటైంది.

చరిత్రకారుల మధ్య తగవు

పుట్టుక కథకు ప్రామాణిక రూపం ఇచ్చింది కార్లోస్ మున్యోస్ 1989లో రాసిన 'యూత్, ఐడెంటిటీ, పవర్'. అతని దృష్టిలో విద్యార్థి ఉద్యమమే తల్లి, శాఖ దాని బిడ్డ, తల్లికి దూరమైనకొద్దీ బిడ్డ దారితప్పింది. 2011లో అకూన్యా రాసిన 'ద మేకింగ్ ఆఫ్ చికానా/ఓ స్టడీస్' ఆ కథను కందకాల్లోంచి చూసింది: ఏ డీన్ ఎప్పుడు ఏ పోస్టు ఆపాడు, తరగతులు నింపి శాఖను ఎలా కాపాడుకున్నారు. ఉద్యమం అంటే ఊరేగింపు ఒక్కటే కాదు, ఏటా కోర్సుల జాబితా మీద జరిగే గింజులాట కూడానని ఆ పుస్తకం చదివాక అర్థమవుతుంది.

మైకేల్ సొల్దతెంకో 2009లో వేరే లెక్క తేల్చాడు. తొలి రోజుల్లో రెండు దారులుండేవని అతని వాదన. ఒకటి అసలు విజ్ఞానం అంటే ఏమిటో, దాన్ని ఎవరు తేలుస్తారో ప్రశ్నించింది. రెండోది ఉన్న సాంఘికశాస్త్ర పద్ధతులే పట్టుకుని మెక్సికన్ అమెరికన్ల మీద మంచి పరిశోధన చేద్దామంది. విశ్వవిద్యాలయానికి రెండోది మింగుడుపడింది, మొదటిది పక్కకు జరిగిపోయింది. డెబ్భైల్లో మెక్సికన్ బస్తీని దేశంలోపలి వలసగా చూసిన సిద్ధాంతం కూడా ఈ రెండు దారుల మధ్యే నలిగింది. దాన్ని ముందు చెప్పినవారిలో ఒకడైన టోమాస్ అల్మగేర్ తర్వాత తానే దాన్ని విమర్శించాడు.

ఇయన్ హేనీ లోపెస్ 2003లో రాసిన పుస్తకంలో చూపు కోర్టుగది వైపు మళ్లింది. పోలీసు లాఠీలు, గ్రాండ్ జ్యూరీ విచారణలే ఆ యువకులను తాము తెల్లజాతిలో భాగమనే తల్లిదండ్రుల నమ్మకం వదిలి 'బ్రౌన్' జాతిగా తమను చూసుకునేలా చేశాయని అతనన్నాడు. రోడరిక్ ఫెర్గూసన్ 2012లో మరో అడుగు వేశాడు. విశ్వవిద్యాలయం ఇలాంటి శాఖలను కాదనలేదు, కలిపేసుకుంది. తేడాను గుర్తించి చోటిస్తూనే తన అధికారాన్ని చెక్కుచెదరకుండా ఉంచుకుంది అన్నాడు.

వీళ్లలో ఎవరితో ఏకీభవించాలి? సొల్దతెంకో, ఫెర్గూసన్‌ల విమర్శ పదునైనదే. కానీ కలిపేసుకోవడం తేలిగ్గా జరిగినట్టు వాళ్ల రాతల్లో ధ్వనిస్తుంది. అకూన్యా కథనం చదివితే ఒక్క పోస్టు కోసం ఎంత గీచులాట జరిగిందో కనిపిస్తుంది. విశ్వవిద్యాలయానికి నిజంగా అంత ఆకలే ఉంటే 1991లో శాంటా బార్బరా విశ్వవిద్యాలయం అకూన్యాకు అధ్యాపక ఉద్యోగం కాదనేది కాదు, ఆయన వయసు వివక్ష కింద దావా వేసి 1995లో జ్యూరీ ముందు గెలవాల్సి వచ్చేదీ కాదు.

జాబితాలో లేని పేర్లు

కుట్ర కేసు పెట్టిన ఆ పదముగ్గురూ మగవాళ్లే. బ్లోఅవుట్స్ నాయకులెవరని అడిగితే చాలాకాలం ఆ పదమూడు పేర్లే వినబడ్డాయి. ప్రాసిక్యూటరు రాసిన ముద్దాయిల జాబితాయే చరిత్రకు నాయకుల జాబితాగా మిగిలింది. 1998లో డొలోరెస్ డెల్గాడో బెర్నాల్ అప్పటి ఎనిమిదిమంది స్త్రీలతో మాట్లాడి ఈ లెక్క సరిదిద్దింది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తేవడం, మీటింగులకు జనాన్ని పోగుచెయ్యడం, పత్రికలతో మాట్లాడడం, బోర్డు ముందు వాదించడం నాయకత్వం కాకపోతే మరేమిటని అడిగింది. ఆ ఎనిమిదిమందిలో ఒకరైన విక్కీ కాస్ట్రో 1993లో, ఒకప్పుడు తాము ఎవరిమీద పోరాడారో ఆ లాస్ ఏంజలస్ విద్యాబోర్డుకే సభ్యురాలిగా ఎన్నికైంది.

లాంగ్ బీచ్ స్టేట్‌లో ఆనా న్యేటో-గోమెస్ విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలిగా గెలిస్తే కొందరు మగ కార్యకర్తలు ఆమె దిష్టిబొమ్మను వేలాడదీశారు. ఆమె, ఆమె స్నేహితురాళ్లు 1971లో 'ఈహాస్ దె క్వావుతెమొక్' పత్రిక తెచ్చారు. మేలే బ్లాక్‌వెల్ 2011లో ఈ చరిత్రంతా గుదిగుచ్చింది. న్యేటో-గోమెస్ తర్వాత నార్త్‌రిడ్జ్‌లో తొలి చికానా కోర్సులు చెప్పింది, 1976లో అక్కడ ఆమెకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. పెత్తనం కోసం పుట్టిన రంగంలో పెత్తనం ఎవరిదన్న ప్రశ్న ఇంట్లోంచే వచ్చిందన్నమాట. 1982లో పరిశోధక స్త్రీలు తమకంటూ మాల్క్స్ అనే సంఘం పెట్టుకున్నారు. చికానో అధ్యయనాల జాతీయ సంఘం 1984లో ఆస్టిన్‌లో తొలిసారి స్త్రీల అంశం మీద మహాసభ జరిపింది, తన పేరులో 'చికానా'ను చేర్చుకోవడానికి 1995 దాకా పట్టింది.

కాలిఫోర్నియా బయట

కథ కాలిఫోర్నియాతోనే నిండిపోవడం ఈ రచనలన్నిటిలో ఉన్న లోటు. దక్షిణ టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీలో 1969 డిసెంబరులో హైస్కూలు పిల్లలు తరగతులు వదిలారు. తక్షణ కారణం చీర్‌లీడర్ల ఎంపిక. బడిలో నూటికి ఎనభైమందికి పైగా మెక్సికన్ పిల్లలే, చీర్‌లీడర్లు నలుగురిలో వాళ్లకు మిగిల్చింది ఒక్క స్థానం. ఆ చిన్న లెక్క మీద మొదలైన తగాదా 1970 వసంతంలో ఎన్నికలుగా మారింది. హొసే ఏంహెల్ గుత్యెర్రెస్ నాయకత్వంలోని లా రాసా యునిదా పార్టీ స్కూలు బోర్డునే గెలుచుకుంది. కాలిఫోర్నియాలో డీన్‌ను బతిమాలుకుని తెచ్చుకున్నదాన్ని టెక్సస్‌లో ఓటుతో తెచ్చుకున్నారు. కొన్నేళ్లకు ఆ పార్టీ చితికిపోయింది, కానీ పెత్తనం అన్న మాటకు ఇంత పూర్తి రూపం ఇంకెక్కడా రాలేదు.

ఆస్టిన్‌లో 1970లో మొదలైన మెక్సికన్ అమెరికన్ అధ్యయన కేంద్రానికి పరేదెస్ తొలి సంచాలకుడు. మిన్నెసోటాలో విద్యార్థుల ఒత్తిడితో 1972లో శాఖ వచ్చింది. కొలరాడోలోని బౌల్డర్‌లో చికానో విద్యార్థుల సహాయ కార్యక్రమం మీద అధికారులతో తగాదా నడుస్తుండగా 1974 మే చివర్లో రెండు కారు బాంబు పేలుళ్లలో ఆరుగురు కార్యకర్తలు చనిపోయారు. దోషులెవరో ఏ కోర్టూ తేల్చలేదు.

రెండోసారి, మూడోసారి

ఈ శాఖలు 1969లో ఒక్కసారి పుట్టి స్థిరపడ్డాయనుకోవడం తప్పు. యూసీఎల్ఏలో 1969 నుంచి పరిశోధన కేంద్రం ఉంది, బోధనకు శాఖ లేదు. 1993 ఏప్రిల్‌లో సీజర్ చావెస్ అంత్యక్రియలకు ముందురోజే చాన్సలర్ శాఖ ఇవ్వడం కుదరదన్నాడు. విద్యార్థులు ఫ్యాకల్టీ సెంటర్‌లో బైఠాయించి అరెస్టయ్యారు. మే 25 నుంచి జూన్ 7 దాకా కొందరు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు క్యాంపస్ నడిబొడ్డున గుడారాల్లో నిరాహారదీక్ష చేశారు. పద్నాలుగో రోజున దక్కింది చావెస్ పేరుతో ఒక బోధన కేంద్రం. అది పూర్తిస్థాయి శాఖ కావడానికి 2005 దాకా ఆగాలి. ఇవాళ దాని పేరులో మధ్య అమెరికా దేశాల వారూ ఉన్నారు, క్యాంపస్‌లో పిల్లలు మారారు గనుక.

ఆరిజోనాలోని టూసాన్ హైస్కూళ్లలో 1998 నుంచి మెక్సికన్ అమెరికన్ పాఠాలు నడిచాయి. 2010లో రాష్ట్రం వాటిని నిషేధించే చట్టం తెచ్చింది, 2012 జనవరిలో కార్యక్రమం ఆగిపోయింది, అకూన్యా పుస్తకంతో సహా కొన్ని పుస్తకాలను తరగతి గదుల నుంచి పెట్టెల్లో సర్ది తీసుకుపోయారు. ఆ పాఠాలు చదివిన పిల్లలు పరీక్షల్లో గట్టెక్కి హైస్కూలు పూర్తిచేసే అవకాశం ఎక్కువని నోలన్ కాబ్రెరా బృందం 2014లో లెక్కలతో చూపింది. 2017లో జడ్జి వాలెస్ తషిమా ఆ చట్టం వెనక జాతి ద్వేషం ఉందని తీర్పిచ్చాడు. టెక్సస్‌లో 2018లో రాష్ట్ర విద్యామండలి ఇలాంటి కోర్సుకు ఒప్పుకుంటూనే 'మెక్సికన్ అమెరికన్ స్టడీస్' అనే పేరు తీసేసింది, గొడవయ్యాక కొన్ని నెలలకు మళ్లీ పెట్టింది.

కాలిఫోర్నియాలో ఇప్పుడు గాలి ఇంకోవైపు వీస్తోంది. స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో డిగ్రీ చదివే ప్రతివారూ ఎత్నిక్ స్టడీస్‌లో మూడు యూనిట్లు చెయ్యాలని 2020లో చట్టం వచ్చింది. శాన్ హోసే, ఫ్రీమాంట్ చుట్టుపక్కల పెరిగి ఆ క్యాంపస్‌లలో చేరే తెలుగింటి పిల్లలకూ ఇది తప్పనిసరే. వాళ్లు ఎంచుకోగలిగే ఆసియన్ అమెరికన్ కోర్సు కూడా 1968 నాటి ఆ సమ్మెల్లోనే పుట్టింది. హైస్కూళ్లకు 2021లో చేసిన మరో చట్టం నిధులు కేటాయిస్తేనే అమలవుతుంది.

ఇది విజయమేనా? విస్తృతిలో సందేహం లేదు. కానీ స్టేట్ యూనివర్సిటీ ట్రస్టీలు తమదైన, ఇంకా వదులైన నిబంధన పెట్టుకున్న కొద్దివారాలకే శాసనసభ దాన్ని తోసిరాజని తన చట్టం తెచ్చింది. హైస్కూళ్ల నమూనా పాఠ్యప్రణాళిక తొలి ముసాయిదా 2019లో ఆగిపోయి, మార్పుల మీద మార్పులయ్యాక 2021లో ఆమోదం పొందింది. ఏ సమూహం ఎన్ని పేజీలకు అర్హమన్నది మండలి సమావేశాల్లో, లాయర్ల మధ్య తేలింది. 1969లో శాంటా బార్బరాలో కూర్చున్నవాళ్లు కోరుకున్నది పాఠం అందరికీ తప్పనిసరి కావాలని కాదు, అది తమ బస్తీకి జవాబుదారీగా ఉండాలని. మొదటిది శాసనంతో వస్తుంది, రెండోది శాసనంతో రాదు.

కాబట్టి విద్యార్థి ఉద్యమం వల్లే చికానో అధ్యయనాలు పుట్టాయన్న మాటను కొంచెం సవరించుకోవాలి. విషయం పండితులు సిద్ధం చేశారు, డబ్బు రాష్ట్రమూ ఫౌండేషన్లూ ఇచ్చాయి, తలుపు విద్యార్థులు తోశారు. లాస్ ఏంజలస్‌లో, టూసాన్‌లో, టెక్సస్‌లో అది మూసుకుపోబోయిన ప్రతిసారీ మళ్లీ ఎవరో ఒకరు తోయాల్సి వచ్చింది. ఏ శాఖ అయినా బతికి ఉందా లేదా అన్నది అక్కడ ఎన్ని కోర్సులున్నాయో చూసి తేలదు. రేపు ఒక అధ్యాపక పోస్టు రద్దయితే అడగడానికి ఏ విద్యార్థులు, ఏ తల్లిదండ్రులు వస్తారో చూస్తే తేలుతుంది.